ఛాయాచిత్రం అమానతు

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే నడుస్తాయి. ఆ రెండింటి మధ్య నిలబడి పాఠం చెప్పేవాడికి పాత మాటలే ఒక్కొక్కప్పుడు కొత్తగా వినిపిస్తాయి. తెలుగులో మనం ఫొటో ‘తీస్తాం’. ఉర్దూలో తస్వీర్ ‘ఖీంచ్‌నా’ అంటారు, అంటే లాగడం. తీయడమైనా లాగడమైనా ఒకరి వద్ద ఉన్నదానిని మన వద్దకు చేర్చుకోవడమే. అట్లా చేర్చుకున్నది చివరకు ఎవరిది అనే ప్రశ్నకు ఆ రెండు క్రియాపదాలూ జవాబు చెప్పవు. ఆ ప్రశ్న నాకు గ్రంథాలయంలో ఎదురుకాలేదు. అరకులోయలో, నేను తీసిన ఒక ధింసా చిత్రం ముందే ఎదురయింది. ఆ సంగతి విద్యార్థులతో ముచ్చటించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు శాఖలో నా బల్ల వెనుక గోడకు ఒక ఛాయాచిత్రం ఉండేది. మీలో పలువురు చూసే ఉంటారు. ఒకరి వెనుక నుంచి ఒకరు చేతులు పెనవేసుకొని అర్ధచంద్రాకారంలో కదులుతున్న స్త్రీలు, వారి మధ్య తల వెనక్కి వాల్చి నవ్వుతున్న ఒక నడివయసు తల్లి, కాళ్ల కింద ఎర్రని ధూళి. అది 2011 చైత్రంలో నేను ఎం.ఏ. చదువుతున్నప్పుడు తీసినది. యువకుల ఛాయాచిత్ర పోటీ ఒకదానిలో దానికి బహుమతి కూడా వచ్చింది. కొన్నేళ్లపాటు ఆ బొమ్మ కింద కూర్చొని జానపద సాహిత్యం బోధించాను. ఆ తల్లి పేరేమిటని నన్ను అడిగిన విద్యార్థి ఒక్కరూ లేరు. అడిగి ఉంటే నేను చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఆ రోజు ఎట్లా గడిచిందో ముందు చెప్పాలి. విశాఖపట్నంలో ఉదయం కిరండోల్ పాసింజరు ఎక్కి మిత్రులం నలుగురం బయలుదేరాం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం కోసం 1960 దశకంలో వేసిన రైలుమార్గమది. యాభైకి పైగా సొరంగాలు దాటి, మధ్యాహ్నానికి కాస్త ముందుగా అరకు చేరాం. అక్కడి నుంచి జీపులో డుంబ్రిగూడ వైపు. దారిలో రెండుచోట్ల స్త్రీలు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పట్టుకొని జీపును ఆపారు. డబ్బు ఇచ్చిందాకా వదలరు. అది ఇటుకల పండుగ మర్యాద. ఆ రోజుల్లో మగవారు వేటకు పోతారు, ఆడవారు బాటసారులను ఆపి నవ్వుతూ పన్ను వసూలు చేస్తారు, విత్తనాలకు పూజ జరుగుతుంది, రాత్రుళ్లు ధింసా సాగుతుంది. ఏజెన్సీ బడిలో పనిచేసే మిత్రుడొకడు మమ్మల్ని తనకు తెలిసిన గూడేనికి తీసుకుపోయాడు.

ధింసాను చదివి తెలుసుకోవడం వేరు, ఆ నేల మీద కూర్చొని వినడం వేరు. మొదట డప్పు, దాని వెనుక తుడుము, కిరిడి. వాటి మీదుగా సన్నగా, వంపులు తిరుగుతూ మోరి పలుకుతుంది. మధ్యమధ్య జోడుకొమ్ములు. ఇంచుమించు ఇరవైమంది స్త్రీలు కలిసి ఒక్క దేహంలాగా అడుగు వేస్తారు. ధింసాలో రకాలు అనేకం. గ్రామదేవతకు మొక్కుగా ఆడేది బోడ ధింసా. ఆకులు ఏరడాన్ని అనుకరించేది పొతర్ తోల. పులి మీదపడితే తప్పించుకోవడం భాగ్ ధింసా. భుజాలతో ఒకరినొకరు తోసుకుంటూ లయ తప్పకుండా ఊగేది కుండ ధింసా. దేవత పూనినవాడు ఆడేది బాయ ధింసా. ఒక ఊరివారు మరొక ఊరికి వెళ్లి ఆడి, అక్కడే భోజనం చేసి రావడం కూడా ఈ ఆటలో భాగమే. చూసేవారు ఆడేవారు అనే విభజన అక్కడ గట్టిగా ఉండదు. కాసేపు చూసినవాడు తరువాత వరుసలో కలుస్తాడు, అలసినవాడు వచ్చి కూర్చుంటాడు. ఆ రాత్రి గూడెంలో ఇటూ అటూ కాకుండా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా కంటికి మిత్రుని వద్ద ఎరువు తెచ్చుకున్న కెమెరా అడ్డంగా ఉంది.

మూడువందలకు పైగా బొమ్మలు తీశాను. చీకటి పడకముందు, సాయంకాలపు వెలుగులో ఆ తల్లి నవ్వు దొరికింది. “పంపిస్తానమ్మా” అని చెప్పి వచ్చాను. పోటీకి పంపేటప్పుడు కూర్పు బాగుండాలని కుడివైపు కొంత భాగం కత్తిరించాను. అక్కడ వాద్యగాళ్లు ఉన్నారు. వారు చెదురుమదురుగా నిలబడడం వల్ల స్త్రీల వరుస అందం చెడుతున్నదని అప్పుడు నా అభిప్రాయం. అయినా అంచున ఒక చేయి, ఆ చేతిలో మోరి చివర మిగిలిపోయాయి. న్యాయనిర్ణేత ఒకరు ఆ చేతిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా. తరువాత ఉద్యోగం, బదిలీలు, సంసారం. బొమ్మ పంపలేదు. మిగిలిన బొమ్మలు దాచిన హార్డ్‌డిస్క్ కొన్నాళ్లకు చెడిపోయింది.

2025 జనవరి 31న అరకులో చలి ఉత్సవం మొదలయింది. మూడు రోజుల ఆ వేడుకకు మన విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని వెళ్లాను. ఉత్సవం కన్నులపండువుగానే ఉంది. గిరిజన నృత్య బృందాలు తమ తమ వేషభూషలతో వచ్చాయి. మంచు, చలి, జనం, సందడి. అయితే వేదిక ఎక్కిన నృత్యాన్ని కంటితో చూస్తున్నవారు నా చుట్టూ ఎంతమంది అని లెక్కపెట్టబోయి మానుకున్నాను. ఎత్తిన ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది. మన పిల్లల చేతుల్లోనూ ఉంది. ఒక విద్యార్థిని ఒక్క సాయంత్రంలో ఆరువందల బొమ్మలు తీసి, “సార్, మీ బొమ్మలాంటిది ఒక్కటీ రాలేదు” అని విచారపడింది. ఆమెకు ఏమి చెప్పాలో నాకు తోచలేదు.

ఆ మర్నాడు గోడ మీది బొమ్మకు మరొక ప్రతి సంచిలో పెట్టుకొని, ఇద్దరు విద్యార్థులతో ఆ గూడేనికి వెళ్లాను. పద్నాలుగేళ్ల తరువాత. ఊరి మొదట్లో కనిపించిన ఒక పెద్దావిడకు మొదట చూపాను. ఆమె బొమ్మకేసి చూడకుండా నా ముఖంకేసి చూసి, “శానామంది తీసినారు బాబూ. అంపిస్తామన్నారు. ఏవీ రానేదు” అన్నది. నిష్ఠూరంగా అన్న మాట కాదది. ఈ ఏడు వానలు పడలేదని చెప్పినట్టు చెప్పింది. ఆ మీదట బొమ్మ చూసి, గుర్తుపట్టి, మమ్మల్ని ఒక ఇంటికి తీసుకుపోయింది.

బొమ్మలోని తల్లి ఆరేళ్ల కిందటే పోయింది. ఆమె కొడుకు కాఫీ తోటలో పనికి వెళ్లి అప్పుడే వచ్చాడు. చేతులు కడుక్కొని, తుడుచుకొని బొమ్మ అందుకున్నాడు. తల్లిని కాసేపు చూశాడు. ఆ తరువాత అతని వేలు మెల్లగా కుడి అంచుకు జరిగింది. “ఇది మా అయ్య చెయ్యి” అన్నాడు. మోరి వాయించేవాడట. భార్య కంటె ముందే పోయాడు. “ఇటు పక్కది ఏది సార్? అయ్య ఉన్న ముక్క?” అని అడిగాడు. ఆ ఇంట్లో తండ్రి ఫొటో ఒక్కటి కూడా లేదు. నా దగ్గరా లేదు. కూర్పు బాగుండదని నేనే కోసివేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పాడయిపోయిందని మాత్రం చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఈ తప్పు నా ఒక్కడి అజాగ్రత్తేనా అని తిరుగు ప్రయాణంలో ఆలోచించాను. అజాగ్రత్త నాదే, అందులో సందేహం లేదు. కాని ఆ అజాగ్రత్తకు చాలా పెద్ద వంశవృక్షం ఉంది. కెమెరా మన దేశంలో అడుగుపెట్టిన కొద్దికాలానికే ప్రభుత్వం చేతి పనిముట్టయింది. 1868–1875 మధ్య ఆంగ్ల ప్రభుత్వం ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే గ్రంథాన్ని ఎనిమిది సంపుటాలుగా అచ్చువేసింది. అందులోని మనుషులలో ఎక్కువమంది తమ తెగ పేరుతో, కులం పేరుతో కనిపిస్తారు, సొంత పేరుతో కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రకటించాడు. మన కొండలలోని గదబల వంటి తెగల వివరాలు అందులో ఉన్నాయి. వాటి విలువను నేను కాదనను. తలల కొలతలు తీసే పరికరమూ కెమెరా ఒకే పెట్టెలో ప్రయాణించిన కాలమది. కొలవబడినవాడికి ఆ కొలత కాగితం ఎవరు తెచ్చి ఇస్తారు?

అదే కాలంలో కెమెరాకు మరొక మర్యాద కూడా ఉండేది. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రకారుడు. ‘ముసవ్విర్ జంగ్’ అని ఆయనకు బిరుదు. ఆయన ముందు కూర్చున్న నవాబుకు తన బొమ్మ ఎట్లా రావాలో చెప్పే అధికారం ఉంది. నిలువుటంగీ సవరించుకునే వ్యవధి ఉంది. అచ్చయిన ప్రతి ఇంటికి వస్తుంది. దాని కింద పేరూ బిరుదులూ ఉంటాయి. నవాబుకు దక్కిన ఆ నాలుగు మర్యాదలలో ఒక్కటైనా మన్యంలోని మోరి వాద్యగాడికి నేను ఇవ్వలేదు. కెమెరా ఒక్కటే. ఎదుట నిలిచినవారిని బట్టి దాన్ని పట్టినవాడి నడత మారింది.

మంచి ఉదాహరణ కూడా మన రాష్ట్రాల చరిత్రలోనే ఉన్నది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1940 దశకంలో నిజాం రాజ్యంలో చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను అధ్యయనం చేశాడు. వేల ఛాయాచిత్రాలు తీశాడు. ఆయన కూడా ప్రభుత్వం తరఫున వచ్చినవాడే. కాని ఆయన గోండుల భాష నేర్చుకున్నాడు, మార్లవాయిలో ఉన్నాడు, అక్కడ ఉపాధ్యాయ శిక్షణకు పాటుపడ్డాడు, దశాబ్దాల తరువాత కూడా తిరిగి తిరిగి వచ్చాడు. 1987లో మరణించిన ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో లండన్‌లో మరణించిన ఆయన చితాభస్మాన్ని 2012లో ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఆ ఇద్దరినీ స్మరించుకుంటారు. తిరిగి వచ్చినవాడికి మాత్రమే లభించే స్థానమది.

మరొక సంగతి విద్యార్థులు గమనించాలి. అరకు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనేతరుడు సెంటు భూమి కొనడానికి వీలులేదు. 1970లో వచ్చిన ఒకటవ నిబంధన, అందరూ ‘1/70 చట్టం’ అని పిలిచేది, ఆ దారి మూసివేసింది. బొర్రా పరిసర గ్రామాలలోని గనుల తగాదా నుంచి పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత బలపరిచింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరును ఇతరులు వాడుకోకుండా. నేలకు కాపలా ఉన్నది, కాఫీగింజకు కాపలా ఉన్నది. నేల మీద నడిచే మనిషి ముఖానికి ఏ కాపలా ఉన్నది? మనం ఒక్క సాయంత్రంలో ఆరువందల ముఖాలు సంచిలో వేసుకొని కొండ దిగితే చెక్‌పోస్టు వద్ద ఆపి అడిగేవారు లేరు. చట్టం అడగని చోట సంస్కారం అడగాలి.

ఈ మాట నేను రైలులో అన్నప్పుడు విద్యార్థులు ఊరుకోలేదు. వారి ఆక్షేపణలు న్యాయమైనవి, కాబట్టి దాచను. వేదిక మీద పదిమందీ చూడాలని ఆడుతున్నప్పుడు ఫొటోకు వేరే అనుమతి దేనికని ఒకడు అడిగాడు. బొమ్మలు నలుగురూ చూస్తేనే యాత్రికులు వస్తారు, యాత్రికులు వస్తేనే ఆ బృందాలకు నాలుగు డబ్బులు అని మరొకడు. గిరిజన యువకులే తమ ఆటలను ఫోనుల్లో పట్టి లోకానికి చూపుతున్నారు, మధ్యలో మన సంకోచం ఎవరికి మేలు అని ఒక విద్యార్థిని.

వేదిక మీది ఆటను దూరం నుంచి తీయడంలో తప్పు లేదు. కాని వేదిక దిగి మెట్ల మీద చెమట తుడుచుకుంటున్న స్త్రీ ముఖానికి బారెడు దూరంలో ఫోన్ పెట్టడం వేరు. ఆమె ఆట ముగిసింది, ఆమె ఏకాంతం మొదలయింది. డబ్బు సంగతిలో కూడా ఒక హద్దు ఉన్నది. 2012 జనవరిలో అండమాన్ జారవా స్త్రీలను యాత్రికుల కోసం ఆడించిన వీడియో బయటపడినప్పుడు దేశం సిగ్గుపడింది. అరకు ధింసాకూ దానికీ పోలిక లేదు. ఇక్కడి బృందాలు ఇష్టపడి, ప్రతిఫలం మాట్లాడుకొని ఆడుతున్నాయి. అయినా ప్రతిఫలం ఆటకు చెల్లుతుంది. ముఖాన్ని ఎల్లకాలం దగ్గర ఉంచుకోవడానికి అది చెల్లదు. మూడవ ఆక్షేపణ నాకు ఆనందం కలిగించింది. గిరిజన యువకుడు తన ఫోనులో తన అక్కచెల్లెళ్ల ఆటను పట్టినప్పుడు అందరి పేర్లూ అతనికి తెలుసు, బొమ్మ ఆ రాత్రికే ఇల్లు చేరుతుంది. మనం చేయని రెండు పనులూ అతడు ప్రయత్నం లేకుండానే చేస్తున్నాడు.

పాశ్చాత్య సంగీతం ఇష్టపడే విద్యార్థి ఒకడు అప్పుడు ఒక ముచ్చట చెప్పాడు. అమెరికాలో 1980 ప్రాంతంలో వాషింగ్టన్‌లోను, కాలిఫోర్నియాలోను ‘హార్డ్‌కోర్’ అనే సంగీతం పుట్టిందట. మహా వేగం, చెవులు చిల్లులు పడే ధ్వని, ఒకటి రెండు నిమిషాల పాటలు. చిన్న చిన్న హాళ్లలో జరిగే ఆ సభల్లో శ్రోతలు వేదిక ఎక్కుతారు, గాయకుడు జనంలోకి దూకుతాడు, అందరూ భుజాలతో తోసుకుంటారు. కుండ ధింసా చూసి వస్తున్న మాకు ఆ తోపులాట వింతగా తోచలేదు. గ్లెన్ ఫ్రీడ్మన్ అనే కుర్రవాడు ఆ జనం మధ్యనే నిలబడి తోపులు తింటూ ‘బ్లాక్ ఫ్లాగ్’, ‘మైనర్ థ్రెట్’ వంటి బృందాలను ఫొటోలు తీశాడట. వారంతా అతనికి తెలిసినవారు, దాదాపు అతని ఈడువారు. ఆ బొమ్మలు చూపించాడు. నిజంగానే వాటిలో ప్రేక్షకుడి దూరం లేదు. కాని వాటిని చూసి మనం కూడా గూడెం మధ్యలోకి దూరి తీయవచ్చు అనుకుంటే పొరపాటు. ఆ కుర్రవాడు తన వీధి వారిని తీశాడు. మనం రైలు దిగి వచ్చినవాళ్లం. భుజం భుజం రాసుకునే హక్కు మనకు పుట్టుకతో రాలేదు గనుక అడిగి సంపాదించుకోవాలి.

ఉర్దూలో ‘అమానత్’ అని ఒక మాట ఉంది. తెలుగు కచేరీ కాగితాలలోకి కూడా అది ‘అమానతు’గా వచ్చి స్థిరపడింది. ఒకరి సొత్తును మరొకరు నమ్మకంగా భద్రపరచి, అడిగిన నాడు తిరిగి అప్పగించవలసిన బాధ్యత అది. దాచుకున్నంత మాత్రాన అది మన సొంతం కాదు. పాడైతే ‘పోయింది’ అని చేతులు దులుపుకోవడానికీ లేదు. ఛాయాచిత్రం అమానతు అని నా దృఢమైన అభిప్రాయం. తీసినవాడి నేర్పు తీసినవాడిదే. పేరు, బహుమతి వాడికి రావచ్చు. ముఖం మాత్రం ముఖం గలవారిది, వారి తదనంతరం వారి బిడ్డలది.

ఇది ఒప్పుకుంటే చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. పండుగకు వెళ్లిన మొదటి పూట కెమెరా సంచిలోనే ఉండాలి. కూర్చొని వినాలి. రమ్మంటే వరుసలో అడుగు కలపాలి, తప్పు వేస్తే వారు నవ్వుతారు, నవ్వనివ్వాలి. తరువాత అడిగి తీయాలి. పూజ వద్ద, దేవత పూనినవారి వద్ద పెద్దలు వద్దంటే మారు మాట లేకుండా దించాలి. పేరు, ఊరు వారు చెప్పినట్టే రాసుకోవాలి, వాద్యగాళ్ల పేర్లతో సహా. ఎట్లా కత్తిరించుకున్నా మొత్తం చిత్రాన్ని చెడకుండా రెండుచోట్ల దాచాలి. అచ్చు ప్రతి తీసుకొని ఏడాది లోపల తిరిగి వెళ్లాలి. ఫోనుకు పంపితే చాలదా అనవచ్చు. ఫోను మారితే బొమ్మ పోతుంది, గోడకు తగిలించింది నిలుస్తుంది. అన్నిటికన్న ముఖ్యం, పంపుతామని చెప్పి పంపలేని స్థితి ఉంటే అసలు చెప్పకపోవడం మేలు.

మన కళాశాల సాహితీ సంఘం ఈ నియమాలను తన విహారయాత్రలకు పాటించాలని నేను ప్రతిపాదిస్తున్నాను. చలి ఉత్సవంలో మన విద్యార్థులు తీసిన బొమ్మలను ఆ బృందాలవారికి చేర్చే పని ఇప్పటికే కొంత ప్రారంభమయింది. ఆరువందల బొమ్మలు తీసిన విద్యార్థిని వాటిలో నలభై ఎంచి, ముఫ్ఫై ఒక్క మంది పేర్లు కనుక్కుంది. తొమ్మిదిమంది మిగిలారు. ఆమె పట్టుదల చూస్తే మిగలరనే నా నమ్మకం.

నా బల్ల వెనుక గోడ ఇప్పుడు ఖాళీగా ఉంది. చట్రం కట్టిన ఆ బొమ్మను వచ్చే చైత్రంలో ఆ ఇంటికి ఇచ్చిరావాలని దించి ఉంచాను. 2011లో మాతో వచ్చిన ముగ్గురు మిత్రులకూ ఉత్తరాలు రాశాను, వారి పాత పెట్టెలలో ఆ సాయంత్రపు బొమ్మలేమైనా మిగిలి ఉన్నాయేమో వెతకమని. ఇద్దరు లేవన్నారు. మూడవవాని జవాబు కోసం ఎదురుచూస్తున్నాను. అతడు ఆ రోజు నాకు కుడివైపున నిలబడ్డాడని గుర్తు.